జాకెట్టు కుట్టడం నేర్పే వీడియో కోర్సు ఇంట్లోనే తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మా అక్క ఇంటి దగ్గర పదేళ్ళుగా జాకెట్లు కుట్టడం నేర్పుతోంది. లైనింగ్ బ్లౌజ్ కటింగ్, కుట్టడం మీద తెలుగులో ఫీజు పెట్టి వీడియో కోర్సు చేయాలని ఉంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ ఉంది, ఇంకో పది పదిహేను వేలు పెట్టగలం. ఏ కెమెరా కొనాలి, ఎన్ని వీడియోలు చేయాలి, చేరినవాళ్ళు మధ్యలో వదిలేయకుండా ఏం చేయాలి?

జవాబు:

కెమెరా కొనకండి, ఫోన్ చాలు. ఆ డబ్బు మైకుకీ, లైట్లకీ, ఫోన్‌ని బల్ల మీదికి వంచి పట్టుకునే స్టాండుకీ, గుడ్డకీ పెట్టండి. గుడ్డకి మీరు అనుకున్నదానికంటే ఎక్కువే అవుతుంది, ఎందుకో కింద చెప్తాను.

మొదటి పని నోటుబుక్కుతో. మీ అక్క దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఎక్కడెక్కడ గుడ్డ పాడుచేశారో అడిగి రాయండి. ఆది జాకెట్టు మీద టేపు పెట్టేటప్పుడు గుడ్డ సాగదీసి కొలిచారా? లైనింగ్ తడిపి ఆరబెట్టకుండానే కత్తిరించి, మొదటి ఉతుకులో అది కుంచించుకుపోయి పైగుడ్డ ముడతలు పడిందా? రెండు చేతులూ ఒకే వైపువి కత్తిరించేశారా? మెడ గీసేటప్పుడు కుట్టులోకి పోయే భాగం లెక్కలోకి తీసుకోకపోతే మెడ వెడల్పయి భుజం జారుతుంది. మెడ వంపులో గాట్లు పెట్టకపోతే తిప్పాక చదునుగా కూర్చోదు. హుక్స్ పట్టీ, కాజా పట్టీ కుడి ఎడమలు మారిపోవడం ఎలాగూ ఉంటుంది. ఇలాంటివి ఇరవై దాకా వస్తాయి. మీ సిలబస్ ఈ జాబితాలోంచే రావాలి. "కుట్టు మిషన్ చరిత్ర", "దారాల రకాలు" అని మొదలుపెట్టిన కోర్సులు రెండో పాఠం దగ్గరే ఖాళీ అయిపోతాయి.

జనం వదిలేసేది విసుగు వల్ల అని అందరూ అంటారు. చేతిపని కోర్సుల్లో నాకు కనిపించిన అసలు కారణం వేరు: గుడ్డ పాడైన రోజున ఆగిపోతారు. ఆ తప్పు ఎందుకు వచ్చిందో, ఇప్పుడు ఆ గుడ్డని ఎలా కాపాడుకోవాలో వీడియోలో ఉంటే మర్నాడు మళ్ళీ కూర్చుంటారు. అందుకే ప్రతి పెద్ద పాఠానికీ "ఇలా వచ్చిందా? ఇలా సరిచేయండి" అని రెండు మూడు నిమిషాల తోక వీడియో పెట్టండి. తప్పుగా కుట్టిన ముక్కని నిజంగా కుట్టి చూపించాలి, మాటల్లో చెబితే సరిపోదు.

కోర్సు మొత్తానికి ఒకే కొలత తీసుకోండి, 36 ఛాతీ అనుకుందాం. నాలుగో వంతు 9, దానికి లూజూ కుట్టూ కలిపి మీ అక్క 2 అంగుళాలు వేస్తే 11. మొదటి పాఠం నుంచి చివరిదాకా అదే 11 కనిపించాలి. మధ్యలో "అదే 40 సైజు అయితే" అని పక్కదారి పడితే కొత్తవాళ్ళు రెండు లెక్కలూ కలిపేసుకుంటారు. సైజులు మార్చడం ఆఖర్న విడి పాఠంగా ఉండనివ్వండి.

ఇక పాఠం నిడివి. ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులోని వీడియోల మీద 2014లో వచ్చిన అధ్యయనం ఒకటుంది. 69 లక్షల వీక్షణ సెషన్లు పరిశీలించి, వీడియో ఎంత పెద్దదైనా చూసేవాళ్ళ మధ్యస్థ సమయం (సగం సెషన్లు అంతకంటే తక్కువే) ఆరు నిమిషాలు దాటలేదని తేల్చింది. అప్పటినుంచీ "ఆరు నిమిషాలు" ఒక మంత్రంలా తిరుగుతోంది. కానీ అది ఎక్కువగా ఉపన్యాసాలకి సంబంధించిన లెక్క. చేతిపని వీడియోని ఎవరూ కూర్చుని ఏకబిగిన చూడరు: ఆపుతారు, గీస్తారు, వెనక్కి తిప్పుతారు. అందుకని నిమిషాల లెక్కన కాకుండా పని లెక్కన కోయండి. "వెనుక భాగం గీయడం" ఒక వీడియో, "వెనుక భాగం కత్తిరించడం" ఇంకొకటి. కత్తెర పెట్టే ముందు తప్పనిసరిగా ఒక ఆగే చోటు ఉండాలి, అక్కడ కొలతలన్నీ తెర మీద ఒక్కసారి రావాలి. ఈ లెక్కన ఒక లైనింగ్ బ్లౌజ్‌కి సుమారు 25 పాఠాలవుతాయి. ఒక్కోటి నాలుగు నుంచి పది నిమిషాలు, అంతా కలిపి మూడు గంటల లోపు. చిన్న ముక్కల వల్ల ఇంకో లాభం కూడా ఉంది. ఏదో ఒక పాఠంలో కొలత తప్పు చెప్పినట్టు తర్వాత తేలితే ఆ ఒక్కటే మళ్ళీ తీస్తే సరిపోతుంది. దానికోసం మాటల్లో "నాలుగో వీడియోలో చెప్పాను కదా", "ఈ సంక్రాంతి ఆఫర్" లాంటివి రానివ్వకండి. వరస మారినా, పండగ వెళ్ళిపోయినా అవి పాచిపోతాయి.

మొదటి పాఠంలో చూసేవాళ్ళ చేతికి ఏదో ఒక ఫలితం రావాలి. దారం ఎక్కించకుండా గీతల కాగితం మీద నేరుగా కుట్టే అభ్యాసం దీనికి బాగుంటుంది. పావుగంటలో సూది రంధ్రాలు గీత మీద ఉన్నాయో లేదో వాళ్ళకే కనిపిస్తుంది, ఫోటో తీసి గ్రూపులో పెట్టడానికి ఒకటి దొరుకుతుంది.

స్క్రిప్టు మాట మాటా రాయొద్దు. చదివితే తెలుగు వెంటనే పాఠ్యపుస్తకంలా వినిపిస్తుంది: "ఇప్పుడు మనం వస్త్రమును మడిచెదము" అని మీ అక్క ఏనాడూ అని ఉండదు. మొదటి రెండు వాక్యాలు, అంకెలన్నీ, చివర్లో చేయాల్సిన పని, ఈ మూడే రాసి కెమెరా పక్కన అంటించండి. పేర్ల సంగతి మాత్రం ముందే తేల్చుకోండి. ఒకరికి జాకెట్టు, ఇంకొకరికి రవిక. ఒకరు చంక రౌండ్ అంటే ఇంకొకరు ఆర్మ్‌హోల్ అంటారు. డాట్లని టక్కులనేవాళ్ళూ ఉన్నారు. మొదటిసారి రెండు పేర్లూ చెప్పి, ఆ తర్వాత ఒకదానికే కట్టుబడండి.

కెమెరా కోణం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, చాలామంది పాడుచేసేది ఇక్కడే. ఎదురుగా స్టాండు పెట్టి తీస్తే చూసేవాళ్ళకి అంతా తలకిందులు: మెడ కింద, నడుము పైన, కుడి ఎడమగా. ఫోన్ మీ అక్క తల పక్కనుంచి, భుజం మీదుగా, ఆమె కళ్ళు చూసే దిక్కునే బల్ల మీదికి చూడాలి. అప్పుడు నేర్చుకునేవాళ్ళు తమ బల్లనే తాము చూస్తున్నట్టు ఉంటుంది. సెల్ఫీ కెమెరాతో తీయకండి. కొన్ని ఫోన్లు అద్దంలోలా తిప్పి సేవ్ చేస్తాయి, టేపు మీద అంకెలు తిరగబడతాయి. మిషన్ దగ్గర ఎడమవైపు నుంచి, సూది ఎత్తుకి కొంచెం పైనుంచి తీయండి. కుడివైపు మిషన్ ఒళ్ళే అడ్డం. స్టాండు మిషన్ ఉన్న బల్ల మీద పెడితే మోటారు అదురుకి బొమ్మంతా వణుకుతుంది. నేల మీద నిలబడే స్టాండే కావాలి.

ఫోన్లో వీడియో నాణ్యత 1080పి, సెకనుకి 30 ఫ్రేములు పెట్టుకోండి. గీస్తున్న చోటుని వేలితో కాసేపు నొక్కిపట్టి ఫోకస్, వెలుగు రెండూ లాక్ చేయండి. లేకపోతే గుడ్డ మీదికి చెయ్యి వచ్చినప్పుడల్లా బొమ్మ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, రెండు నిమిషాలకే కళ్ళు లాగుతాయి. వీడియోలో నల్లటి పట్టీలు పాకుతుంటే లైట్ల వల్ల. మన కరెంటు 50 హెర్ట్జ్, దాంతో చాలా లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. ఫోన్ కెమెరాలో సెట్టింగులు చేత్తో మార్చుకునే ప్రో మోడ్‌లో షట్టర్ 1/50 సెకను గానీ 1/100 గానీ పెడితే పోతుంది.

లైట్లు రెండు చాలు, ఒకే రకం తెల్లటి ఎల్‌ఈడీ ట్యూబులు, కుడి ఎడమల నుంచి ఏటవాలుగా. తలపైన ఒక్క లైటే ఉంటే కొలత పెట్టే చోటే చేతి నీడ పడుతుంది. కుట్టు దగ్గరగా చూపించేటప్పుడు మాత్రం ఒక లైటు ఆపేసి, రెండోదాన్ని బాగా కిందికి దించండి. పక్క వెలుగులో కుట్టు గట్టు తేలి కనిపిస్తుంది. కిటికీ వెలుగు అందంగానే ఉంటుంది గానీ గంటకో రంగు మారుతుంది, కర్టెన్ వేసేయండి.

గుడ్డ ఎంపిక కూడా కెమెరా పనే. సన్న గళ్ళు, సన్న చారలు వద్దు, కెమెరాలో అలలు అలలుగా కదులుతాయి. ముదురు ఎరుపులో మడతలు కలిసిపోతాయి. లేత ఆకుపచ్చో నీలమో సాదా గుడ్డ తీసుకుని, లైనింగ్ వేరే రంగుదీ, దారం ఇంకా వేరేదీ వాడండి. కొన్నవాళ్ళు "దారం మ్యాచ్ కాలేదు" అంటారు, అననివ్వండి. కుట్టు కనిపించడం ముఖ్యం. ఒకే రంగువి కనీసం నాలుగు బ్లౌజులకి సరిపడా ఒకేసారి కొనండి: ఒకటి కెమెరా ముందు కత్తిరించడానికి, ఒకటి సగం కుట్టి సిద్ధంగా పెట్టడానికి, ఒకటి తప్పులు చూపించడానికి, ఒకటి మళ్ళీ తీయాల్సి వస్తే. అదే తాను గుడ్డ మళ్ళీ దొరక్క, ఒకే పాఠంలో జాకెట్టు రంగు మారిన కోర్సులున్నాయి.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే కట్టేస్తారు. వైరున్న కాలర్ మైకు వెయ్యి రూపాయల లోపే వస్తుంది. ఫోన్‌కి 3.5 జాక్ లేకపోతే టైప్ సి కన్వర్టర్ కావాలి, అయితే మైకు సిగ్నల్ పంపనివి కూడా అమ్ముతారు. కొనగానే ఒక నిమిషం రికార్డు చేసి, మైకుని గోటితో గీకి వినండి. గీకుడు దగ్గరగా వినిపించకపోతే ఫోన్ తన సొంత మైకే వాడుతోందని అర్థం. ఫ్యాను ఆపాలి, తప్పదు. గది ఖాళీగా ఉండి మాట మోగుతుంటే ఎదుటి గోడకి రెండు దుప్పట్లు వేలాడదీయండి. గాజులు తీసేయమనండి, మైకులో మాటకంటే గాజులే ముందు వినిపిస్తాయి. గోరింటాకు విషయం కూడా చూసుకోండి, సగం పాఠాల్లో పండి సగం పాఠాల్లో లేకపోతే ఎబ్బెట్టుగా ఉంటుంది. చీర మంగళగిరి కాటన్ లాంటి మెత్తనిదైతే మంచిది, పట్టు చీర మైకు దగ్గర గరగరలాడుతుంది.

మిషన్ నడిచేటప్పుడు మాట్లాడొద్దు. కుట్టడం అంతా తీసి, తర్వాత నిశ్శబ్దంగా ఉన్న గదిలో బొమ్మ చూస్తూ మాట రికార్డు చేయండి. మిషన్ శబ్దం పూర్తిగా తీసేయకుండా అడుగున తక్కువగా ఉంచండి, ఎక్కడ ఆగాలో ఎక్కడ మెల్లగా తొక్కాలో ఆ శబ్దమే చెబుతుంది. మాట కింద సంగీతం వేయకండి.

షూటింగ్ పాఠాల వరసలో తీస్తే ప్రతిసారీ స్టాండూ లైట్లూ మార్చుకోవాలి. బల్ల మీది గీతలు, కత్తిరింపులు రెండు రోజులు. మిషన్ పని రెండు రోజులు. మొహం చూపించి మాట్లాడేవి ఆఖరి పూట. రోజుకి అయిదారు పాఠాలకి మించితే గొంతులో అలసట తెలుస్తుంది. ప్రతి టేకుకీ ముందు పాఠం నంబరు గట్టిగా చెప్పి ఒక చప్పట్లు కొట్టించండి, తర్వాత వెతుక్కోవడం తేలిక. చాక్ పొడి, దారపు నూగు లెన్సు మీద పడుతూనే ఉంటాయి, టేకుకోసారి తుడవండి. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి.

స్థలం లెక్క: 1080పిలో నిమిషానికి సుమారు 130 ఎంబీ. మూడు గంటల కోర్సుకి నాలుగు రెట్లు తీస్తారనుకుంటే 720 నిమిషాలు, అంటే 94 జీబీ దాకా. ఏ రోజుది ఆ రోజు రెండు చోట్లకి కాపీ చేశాకే ఫోన్లోంచి తీసేయండి. ఎడిటింగ్‌లో మాట రానురాను పెదవులకి వెనకబడుతుంటే ఫోన్ ఫ్రేములు సమానంగా తీయకపోవడం కారణం. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము రేటుకి మార్చి, అప్పుడు ఎడిట్ చేయండి.

ఎడిటింగ్‌లో "ఆఁ", "ఊఁ", వెతుకులాటలు కోసేయండి. చంక దగ్గర చెయ్యి జోడించే కుట్టు మాత్రం అసలు వేగంలోనే ఉంచండి, నేరు కుట్లు వేగం పెంచినా నష్టం లేదు. కొలతలు తెర పైభాగాన పెద్దగా వేయండి. కింద వేస్తే ప్లేయర్ బటన్ల వెనక దాక్కుంటాయి. పూర్తయిన పాఠాన్ని మామూలు ఫోన్లో 480పిలో చూడండి. చాలామంది రోజువారీ డేటా ప్యాకు మీద అలాగే చూస్తారు. చాక్ గీత అందులో కనిపించకపోతే గీత మందంగా గీసి మళ్ళీ తీయాల్సిందే.

ఇదంతా 25 పాఠాలకీ చేసే ముందు, మూడు పాఠాలు మాత్రం తయారుచేసి, కుట్టు రాని అయిదుగురికి ఇవ్వండి. "బాగుందా" అని అడక్కండి, మొహమాటానికి అందరూ బాగుందంటారు. పక్కన కూర్చుని, నోరు మెదపకుండా, ఎక్కడ ఆపారో, ఎక్కడ వెనక్కి తిప్పారో నిమిషంతో సహా రాసుకోండి. ముగ్గురు ఒకే చోట వెనక్కి తిప్పితే అక్కడ దగ్గరి షాట్ లేదనో, అంకె తెర మీద పడలేదనో అర్థం. మీ అక్కని ఆ గదిలో ఉంచకండి, ఆమె ఆగలేక చెప్పేస్తుంది.

చేరాక అందరికీ అన్ని పాఠాలూ ఒకేసారి తెరవొద్దు. ఇరవై మందిని ఒక బ్యాచ్‌గా పెట్టి, ముందు కాగితం మీద గీసి కత్తిరించిన ముక్కల ఫోటో వాట్సాప్ గ్రూపులో పెట్టినవాళ్ళకే గుడ్డ కత్తిరించే పాఠం తెరవండి. గుడ్డ పాడయ్యేది ఆ మలుపులోనే కాబట్టి మీ అక్క ఫోటో చూసి "చంక లోతు తగ్గింది, అర అంగుళం దించు" అని ఒక్క మాట చెబితే చాలు, ఒక మీటరు గుడ్డ మిగులుతుంది. వారానికోసారి గంటసేపు లైవ్‌లో సందేహాలు తీర్చండి. అక్కడ రెండోసారి వచ్చిన ప్రశ్న ఏదైనా ఉంటే ఆ వారమే దానికొక తోక వీడియో తీసి కలపండి. స్టాండు, మిగిలిన ఆ నాలుగో గుడ్డ అందుకే తీసేయకుండా ఉంచమంటున్నాను.