విభీషణుడొక్కడు చాలడు

అమ్మాయీ,

నీ నవల రాతప్రతి రెండు రాత్రుల్లో చదివేశాను. నదిలో దీపాలు కొట్టుకొచ్చే ఘట్టం రెండుసార్లు చదివాను. నా గొడవంతా నీ కథలో శత్రుసైన్యం, ఆ కాటుక దండుతోనే. మూడో అధ్యాయంలో ఒక్క పేరాలో నలభైమంది చచ్చారు. ఒక్కడికీ పేరు లేదు. అందరివీ ఎర్రకళ్ళే, అందరిదీ ఒకటే వికటాట్టహాసం. అంత నవ్వు వాళ్ళకెందుకొస్తోందో నాకైతే అర్థం కాలేదు.

"ఒక మంచివాణ్ని పెట్టాను కదండీ, పదో అధ్యాయంలో మనవైపు వచ్చేస్తాడు" అంటావు. దాంతోనే చిక్కు పెరిగింది. మంచివాడు కాస్తా వచ్చేశాక, అక్కడ మిగిలినవాళ్ళంతా చెడ్డవాళ్ళేనని నువ్వే తేల్చేసినట్టయింది. విభీషణుడు కథకి కావలసినవాడే, కాదనను. కానీ కుంభకర్ణుణ్ని చూడు. నిద్రలేపి సంగతి చెబితే, మంచిచెడ్డలు ఆలోచించకుండా చేశావని అన్నని మొహం మీదే తప్పుపట్టాడు. ఆ మాట అనేసి, శూలం పట్టుకుని ఆ అన్న కోసమే వెళ్ళి చచ్చాడు. తప్పని తెలిసీ ఉండిపోయాడు. నీ దండులో అలాంటివాడు ఒక్కడూ లేడు.

వాల్మీకి చిన్నాచితకావాళ్ళని కూడా వదల్లేదు. సుందరకాండలో హనుమంతుడు రాత్రిపూట లంకంతా వెతుకుతుంటే రాక్షసుల ఇళ్ళలోంచి మంత్రజపం వినిపిస్తుంది. అశోకవనంలో కాపలా ఉన్న రాక్షస స్త్రీలైతే సీతను తినేస్తామని బెదిరించినవాళ్ళు. యుద్ధం అయ్యాక హనుమంతుడు వచ్చి, నువ్వు ఊఁ అంటే వీళ్ళని చంపేస్తానంటాడు. సీత వద్దంటుంది. రాజు చెప్పింది చేసిన దాసీల మీద కోపమెందుకు, తప్పు చేయనివాళ్ళెవరు అంటుంది. వాళ్ళు మంచివాళ్ళని మాత్రం అనదు, గమనించావా?

నేనేమీ తక్కువ తినలేదులే. నా మొదటి జానపద నవలలో మాంత్రికుడి అనుచరుల్ని గడ్డి కోసినట్టు కోయించాను. అచ్చయ్యాక మా అమ్మ చదివి, "వీళ్ళకి జీతమెంతరా?" అని అడిగింది. నవ్వేశాను గానీ నా దగ్గర జవాబు లేదు.

ఆ నలభైమందిలో ఒకణ్ని పట్టుకో. దాడికి ముందు రాత్రి పొయ్యి దగ్గర కూర్చోబెట్టు. నాయకుడు వినడనుకున్నప్పుడు నాయకుడి గురించి పక్కవాడితో ఏమంటాడో రాయి. తర్వాత కావాలంటే చంపుకో, నేనడ్డురాను.

మూడో అధ్యాయం తిరగరాసి పంపు. ఈసారి ప్రింట్ తీసి పోస్టులో పంపు తల్లీ, ఫోన్లో పీడీఎఫ్ చదవడం నా కళ్ళ వల్ల కాదు.