పీటీ బోటు (టార్పెడోలు మోసే చిన్న, వేగమైన యుద్ధ పడవ) గేమ్‌లో టార్పెడోలు (నీళ్ళలో దూసుకెళ్ళి ఓడను పేల్చే ఆయుధాలు) డిస్ట్రాయర్ అనే యుద్ధనౌక వెనక నుంచే ఎందుకు పోతున్నాయి?

ఓడ వేగాన్ని తక్కువ అంచనా వేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా పీటీ బోట్లు మొదట మోసిన మార్క్ 8 టార్పెడో వేగం 27 నాట్లే (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.). బోటు 40 నాట్ల దాకా పోయేది, టార్పెడో దానికంటే నెమ్మది!

లెక్క ఇదీ: ఓడ వేగాన్ని టార్పెడో వేగంతో భాగిస్తే వచ్చేది ముందస్తు కోణానికి (ఓడకు ఎంత ముందుగా గురిపెట్టాలో చెప్పే కోణం) సైన్ విలువ. ఓడ మీ చూపుకు అడ్డంగా, లంబంగా పోతున్నప్పుడే ఇది వర్తిస్తుంది. లేదంటే ఆ విలువను, ఓడ ముక్కుకూ మీ చూపుకూ మధ్య కోణం సైన్‌తో గుణించాలి.

ఓడ 18 నాట్లయితే కోణం సుమారు 42 డిగ్రీలు. మీరు 15 అనుకుంటే 34 దగ్గరే ఆగుతారు. 1,000 మీటర్ల దూరంలో టార్పెడో ఓడ మధ్యభాగానికి దాదాపు 130 మీటర్లు వెనకబడుతుంది. జపాన్ ఫుబుకి తరగతి డిస్ట్రాయర్ మొత్తం పొడవే 118 మీటర్లు. అందుకే ఒక్కటి కాదు, కోణం కొద్దిగా మారుస్తూ రెండు మూడు వదలండి. దూరం 500కు తగ్గితే తప్పు కూడా సగమవుతుంది.

దగ్గరికి వెళ్ళేటప్పుడు పూర్తి వేగం వద్దు, తెల్లటి నురగ చార పట్టిస్తుంది. అసలు బోట్లు రాత్రిపూట, ఇంజన్లకు మఫ్లర్లు వేసి మెల్లగా వెళ్ళేవి. మార్క్ 8ను వదిలే గొట్టంలో తుపాకీమందు పేలుడుతో గ్రీజు అంటుకుని మంట కనబడేది. చాలా గేములు ఈ ప్రమాదాన్ని వదిలేస్తాయి. 1943 నుంచి పీటీ బోట్లకు వచ్చిన మార్క్ 13 టార్పెడోకు గొట్టమే అక్కర్లేదు, పక్క నుంచి నీళ్ళలోకి దొర్లించడమే. వేగం 33.5 నాట్లు, కాబట్టి అదే ఓడకు కోణం 32 చాలు.