సద్దుల బతుకమ్మకు మొదటిసారి సద్దులు కడుతున్న నా బిడ్డకు

బిడ్డా,

మొన్న ఫోన్ల అడిగినవ్ కదా, ఈసారి మా అత్తమ్మ ఊర్లనే ఉంటది, సద్దులన్నీ నేనే చెయ్యాలె, యూట్యూబ్ చూస్తే ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు చెప్తున్నరు పెద్దమ్మా అని. ఫోన్ల చెప్తే సగం మర్చిపోతవ్, అందుకే రాసి పెడుతున్న, ఫోన్ల దాచుకో.

సద్ది అంటే మోసుకపోయే తిండి బిడ్డా. పొలం పనికి పోయేటోళ్లు కట్టుకపోయేది కూడ సద్దే. పొద్దుగాల కట్టింది రాత్రి చెరువుకాడ మూత తీసేదాక మంచిగుండాలె, నలుగురికి పంచితే సరిపోవాలె. ఈ రెండూ చూసుకుంటే చాలు, రకాలు పెంచుకుంటపోయే పనిలేదు.

సద్దుల బతుకమ్మ తొమ్మిదోనాడు వస్తది, అంతకుముందు రోజులకు అంత కష్టం లేదు. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూల బతుకమ్మకు నువ్వులు, నూకలు, బెల్లం, తెల్లారి అటుకులు, ఆ తర్వాత ముద్దపప్పు, నానబియ్యం, అట్లు. ఆరోనాడు అమ్మవారు అలుగుతది కాబట్టి పేర్చుడూ లేదు, నైవేద్యమూ లేదు, ఆ రోజు ఆఫీస్ పని ముందు పెట్టుకో. ఏడోనాడు బియ్యప్పిండిని వేపకాయలంత చేసి నూనెల వేయిస్తరు, ఎనిమిదోనాడు వెన్న, నువ్వులు, బెల్లం కలిపిన ముద్దలు. వేములవాడ దిక్కు ఏడోనాడే సద్దులు చేసుకుంటరు, మీ అత్తమ్మ వాళ్లది ఏ పద్ధతో ఒకసారి అడిగి చూసుకో, వాళ్లింటి పద్ధతే చెయ్యి.

ఇగ తొమ్మిదోనాడు. ఐదు సద్దులు: చింతపండు పులిహోర, నిమ్మకాయ, నువ్వులు, కొబ్బరి, పెరుగు. ఒక్కొక్కదానికి అర్ధకిలో పాత బియ్యం చాలు. అన్నం పలుకుగ వండి, వెడల్పు పళ్లెంల పరిచి, చెంచెడు నూనె వేసి ఆరనియ్యి, పెరుగుదానికి మాత్రం మెత్తగ వండుకో. చింతపండు పులుసు ముందురోజు రాత్రే నూనె పైకి తేలేదాక ఉడకబెట్టి పెట్టుకుంటే పొద్దున సగం పని అయిపోయినట్టే. నిమ్మకాయ పొయ్యి మీద పిండకు, చేదొస్తది, దించినంకనే. నువ్వులు చిన్న మంట మీద చిటపట అనంగనే దించి, సల్లారినంక ఎండు మిరపకాయలతోని బరకగ పట్టు, ఎక్కువ తిప్పితే నూనె దిగి ముద్ద కడ్తది. కొబ్బరి అన్నిటికన్న ముందు పాడైతది, కాబట్టి అది సాయంత్రం బయల్దేరే ముందు కలుపు.

పెరుగు సద్ది గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే నేను దెబ్బతిన్నది దాని దగ్గరనే. పెండ్లైన కొత్తల, పొగలు వస్తున్న అన్నంల పెరుగు కలిపి మూత గట్టిగ బిగించిన. హనుమకొండల పద్మాక్షమ్మ గుట్ట కాడ రాత్రి మూత తీస్తే పులిసిన వాసన, నీళ్లు వేరైనయ్. నా చెయ్యి ఆడలే. పక్కన కూసున్న ఒక పెద్దావిడె, ఎవరో నాకు తెల్వదు, కొంగు పట్టి ఇస్తినమ్మ వాయినం అని తన మలీద, అదే రొట్టె నలిపి బెల్లం కలిపింది, ఇచ్చింది, నాది ఇయ్యమని చెయ్యి చాపింది, నేను ఇయ్యలేక ఇయ్యలేక పెడితే అక్కడనే మొత్తం తిన్నది. ఒక్క మాట అనలే. ఇప్పటికీ సద్దులు కడ్తుంటే నాకు ఆమె చెయ్యే కనబడ్తది.

అందుకే నువ్వు ఏం చెయ్యాలంటే, అన్నం గోరువెచ్చగయ్యేదాక ఆగి, పాలు ఎక్కువ పోసి పెరుగు రెండు చెంచాలే వెయ్యి, మీరు ఆడి పాడి కూసునేసరికి అదే తోడుకుంటది, కమ్మగుంటది. పోపు సల్లారినంక కలుపు.

మలీదకు మందంగ రొట్టెలు చేసి వేడి మీదనే నలిపి బెల్లం, నెయ్యి, ఇలాచి పొడి కలపాలె. మా అమ్మ సజ్జరొట్టెతోని చేసేది, ఆ రుచే వేరు, నువ్వు గోధుమపిండితోని చేసినా ఏం కాదు. చెయ్యి కాలితే మిక్సీల ఒక తిప్పు తిప్పు, తప్పేం లేదు.

గౌరమ్మకు పెట్టేదాక నాలిక మీద వెయ్యొద్దు, పిల్లలు అడిగినా ఆపు. మరి ఉప్పెట్ల అంటవా, అర్ధకిలో బియ్యానికి రెండు టీస్పూన్లు, పులిహోరకు ఇంకో అర. లెక్క రాసి గోడకు అంటించుకో, వచ్చే ఏడు చెయ్యి దానంతట అదే తెలుసుకుంటది.

ఇంకోటి. మీ వాచ్‌మన్ భార్య చిన్న బతుకమ్మ పేర్చుకొని గేట్ కాడనే నిలబడ్తది, లోపలికి రాదని పోయినసారి నువ్వే చెప్పినవ్. ఈసారి పాట మొదలుపెట్టక ముందే పోయి తీసుకరా, ఆమె బతుకమ్మను మీవాటి నడుమ పెట్టు. వాయినం ఇచ్చుకునేటప్పుడు మొదటి డబ్బా ఆమెకే ఇయ్యి, ఆమె ఏం తెచ్చినా నీ కొంగుల పట్టుకొని అక్కడనే కూసొని తిను, ఇంటికి తీసుకపోయి ఫ్రిజ్ల పెట్టకు.

నీ పెద్దమ్మ