నీటిలో కరిగినది మళ్లీ రాయి ఎలా అవుతుంది?

ప్రశ్న: ఇసుక, ఒండ్రుమట్టి పొరలుగా పేరుకొని గట్టిపడితే అవక్షేప శిలలు ఏర్పడతాయని చదువుకున్నాము. సున్నపురాయి, జిప్సం, రాతి ఉప్పు కూడా అవక్షేప శిలలేనంటారు. వీటిని రసాయనిక శిలలనీ, జీవరసాయనిక శిలలనీ ఎందుకు విడదీస్తారు?

జవాబు: నది సముద్రానికి మోసుకుపోయేది ఇసుకను, మట్టిని మాత్రమే కాదు. వాననీరు కొండరాళ్లను కొద్దికొద్దిగా కరిగించగా వచ్చిన కాల్షియం, బైకార్బనేట్, సిలికా (ఇసుకలో, గాజులో ఉండే పదార్థం), సోడియం వంటివి ఎంత తేట నీటిలోనైనా కంటికి కనిపించకుండా సాగిపోతూ ఉంటాయి. మీరు అడిగిన రాళ్లన్నీ వీటినుంచి పుట్టినవే. నీటి పరిస్థితులు మారడం వల్లనే కరిగిన పదార్థం విడివడి పేరుకుంటే అది రసాయనిక శిల. ప్రాణులు దానిని గ్రహించి గుల్లలుగా మలచుకోగా, అవి చనిపోయాక ఆ గుల్లలు పేరుకొని గట్టిపడితే జీవరసాయనిక శిల.

మొదటి రకానికి రాతి ఉప్పు చక్కని ఉదాహరణ. కిలో సముద్రజలంలో సుమారు 35 గ్రాముల లవణాలు ఉంటాయి. సముద్రంతో నీటి రాకపోకలు సన్నగిల్లిన చోట నీరు ఇగిరేకొద్దీ ముందుగా కాల్షియం కార్బనేట్ (సున్నపురాయిలోని ముఖ్య పదార్థం), నీరు దాదాపు ఐదో వంతుకు తగ్గాక జిప్సం, పదో వంతుకు తగ్గాక ఉప్పు, చిట్టచివరకు పొటాషియం, మెగ్నీషియం లవణాలు అడుగున చేరతాయి. అయితే వెయ్యి మీటర్ల లోతు నీరు పూర్తిగా ఇగిరినా మిగిలే లవణాల మందం 15 మీటర్లకు కాస్త అటూ ఇటూగానే ఉంటుంది. మధ్యధరా సముద్రం అడుగున కొన్నిచోట్ల ఉప్పు పొర మందం కిలోమీటరుకు మించి ఉంది. సుమారు 60 లక్షల నుంచి 53 లక్షల సంవత్సరాల క్రితం వరకు, అట్లాంటిక్‌తో దానికున్న మార్గం మూసుకుపోతూ వచ్చిన కాలంలో, కొత్త నీరు మళ్లీ మళ్లీ చేరి ఇగురుతూ ఉంటే తప్ప అంత ఉప్పు పేరుకోవడం సాధ్యం కాదు.

సున్నపురాయి సంగతి ఇంత సూటిగా తేలదు. కార్బన్ డయాక్సైడ్ ఉన్న నీటిలో కాల్షియం కార్బనేట్ కరుగుతుంది; నీరు వేడెక్కి ఆ వాయువు తప్పించుకుంటే తిరిగి విడివడుతుంది. గుహల కప్పులనుంచి వేలాడే సున్నపు స్తంభాలు కూడా నీటిలోని వాయువు గుహ గాలిలోకి పోవడం వల్ల ఏర్పడినవే. కానీ కిరణజన్య సంయోగక్రియ కోసం నాచు ఆ వాయువును పీల్చుకున్నా కార్బనేట్ విడివడుతుంది. అటువంటి రాయిని ఏ కోవలో చేర్చాలి? ఈ రెండు పేర్ల మధ్య కచ్చితమైన గీత లేదనుకోవడమే సరైనదని నా అభిప్రాయం. అయినా సముద్రపు సున్నపురాయిలో సింహభాగం ప్రాణుల చలవే. నదీజలంలో కరిగినవాటిలో కాల్షియం, బైకార్బనేట్‌లదే పెద్ద వాటా కాగా, సముద్రంలో సోడియం, క్లోరైడ్‌లది పైచేయి. పగడాలు, ఆల్చిప్పలు, సూక్ష్మజీవులు కాల్షియాన్ని ఎప్పటికప్పుడు గుల్లలకు వాడుకోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. ఇంగ్లండ్‌లోని డోవర్ తెల్లని కొండచరియలు ఎక్కువభాగం కోకోలిథోఫోర్లనే ఏకకణ జీవుల కవచపు పలకలతో ఏర్పడినవి.

సిలికా విషయంలో ప్రాణుల పాత్ర ఇంకా స్పష్టం. నేటి సముద్రంలో అది తనంతట తాను విడివడలేనంత పలుచగా ఉంటుంది. డయాటమ్‌లు, రేడియోలేరియన్‌లు అనే ఏకకణ జీవులు దానిని పోగుచేసి గాజువంటి గుల్లలు కట్టుకుంటాయి. సుమారు నాలుగైదు కిలోమీటర్ల లోతు దాటాక కార్బనేట్ గుల్లలు కరిగిపోతాయి కనుక అక్కడి బురదలో సిలికా గుల్లలు మిగిలి, కాలక్రమంలో చెర్ట్ అనే గట్టి రాయిగా మారతాయి. నేడు ఆల్ప్స్ పర్వతాలలో కనిపించే రేడియోలేరియన్ చెర్ట్ పొరలు ఒకనాటి లోతైన సముద్రపు అడుగున ఇలా పేరుకున్నవే.