డాక్టర్ సలహా: మొదటిసారి అమెరికా ప్రయాణం, ఇన్సులిన్ వాడుతున్నాను... ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 59, మాది తెనాలి. పన్నెండేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. సీసాలో వచ్చే మిక్స్‌డ్ ఇన్సులిన్ పొద్దున 20, రాత్రి 14 యూనిట్లు వేసుకుంటాను. మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర కూడా ఉన్నాయి. డల్లాస్‌లో మా అమ్మాయికి అక్టోబరులో డెలివరీ. సెప్టెంబరులో దుబాయ్ మీదుగా వెళ్లి ఆరు నెలలు ఉండాలి. విమానం ఎక్కడం ఇదే మొదటిసారి. ప్రయాణం రోజు ఇన్సులిన్ మానేయమని, మాటిమాటికీ బాత్రూమ్‌కి లేవక్కర్లేకుండా నీళ్లు కూడా తాగొద్దని తెలిసినవాళ్లు చెబుతున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, ఆ రెండు మాటలూ పట్టించుకోకండి. ఇన్సులిన్ మానేస్తే దిగేసరికి షుగర్ బాగా పెరిగిపోయి, నోరు ఎండిపోయి, నీరసంతో నిలబడలేని పరిస్థితి రావచ్చు. నీళ్లు మానేస్తే అది ఇంకా త్వరగా వస్తుంది. పైగా అంతసేపు కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం కొంత ఉంటుంది, ఒంట్లో నీళ్లు తగ్గడం దానికి మంచిది కాదు.

అన్నిటికంటే ముందు సిరంజీ సంగతి చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ చెప్పరు. మన దగ్గర మెడికల్ షాపుల్లో దొరికే సీసా ఇన్సులిన్ ఎక్కువగా ఒక మి.లీ.కి 40 యూనిట్లు ఉండేది, దానికి ఎర్ర మూత సిరంజీ వాడతాం. అమెరికాలో మామూలుగా దొరికేది మి.లీ.కి 100 యూనిట్లది, దాని సిరంజీకి నారింజ రంగు మూత ఉంటుంది. మీ ఇన్సులిన్ అయిపోయి అక్కడి సీసా కొన్నారనుకోండి, ఇక్కడి నుంచి పట్టుకెళ్లిన ఎర్ర మూత సిరంజీతోనే 20 గీత దాకా లాగారనుకోండి, ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. ప్రాణాల మీదకి వస్తుంది. అదే మన సీసాలోంచి అక్కడి సిరంజీతో 20 గీత దాకా లాగితే వెళ్లేది 8 యూనిట్లే, షుగర్ ఎందుకు పెరుగుతోందో ఎవరికీ అర్థం కాదు. సీసా మీద 40 అని ఉందా 100 అని ఉందా, సిరంజీ మీద కూడా అదే అంకె ఉందా అని ప్రతిసారీ చూసుకోవాలి, కళ్లు సరిగా ఆనకపోతే అమ్మాయితోనో అల్లుడితోనో చదివించుకోవాలి. నన్నడిగితే మీ డాక్టర్‌తో మాట్లాడి ఇప్పుడే పెన్ను ఇన్సులిన్‌కి (సిరంజీతో లాగక్కర్లేకుండా, పెన్నులాంటి దాని మీదే డోసు తిప్పి పెట్టుకుని వేసుకునేది) మారిపోవడం మంచిది. పెన్ను కాట్రిడ్జ్‌లు ఇక్కడ కూడా 100 యూనిట్లవే, కాబట్టి ఈ గొడవే ఉండదు. కనీసం నెల ముందు మారితే బయలుదేరేలోపు చెయ్యి అలవాటు పడుతుంది.

ఇన్సులిన్ మొత్తం చేతి బ్యాగులోనే ఉండాలి. పెద్ద సూట్‌కేసులో పెట్టి లగేజీలో వేస్తే కింద చలికి గడ్డకట్టవచ్చు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడ్డానికి బాగానే కనిపించినా పనిచేయదు. చిన్న కూలింగ్ పౌచ్‌లో పెట్టుకోండి, ఐస్ నేరుగా తగలనివ్వకండి. గ్లూకోమీటర్, స్ట్రిప్పులు, గ్లూకోజ్ పొడి, నాలుగు బిస్కెట్లు కూడా అందులోనే పెట్టుకోవాలి. సెక్యూరిటీ దగ్గర సూదులు చూసి అడుగుతారు, డాక్టర్ లెటర్ చూపిస్తే ఇబ్బంది ఉండదు. ఆ లెటర్ ఇంగ్లిష్‌లో, కంపెనీ పేర్లతో పాటు మందు అసలు పేరు, డోసు ఉండేలా రాయించుకోండి. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, అన్నీ విప్పి ఒక డబ్బాలో పోసుకోవద్దు.

విమానంలో డోసు ఎలా? డల్లాస్ సెప్టెంబరులో మనకన్నా పదిన్నర గంటలు వెనక ఉంటుంది, అంటే ఆ రోజు మీకు బాగా సాగుతుంది. చేతి గడియారం దిగేదాకా మన టైమ్‌లోనే ఉంచి, మామూలుగా వేసుకునే వేళకే వేసుకుని, దిగాక అక్కడి టిఫిన్, భోజనం వేళలకు మారడం చాలామందికి సరిపోయే పద్ధతి. అయితే రెండు డోసులు దగ్గర దగ్గరగా పడకూడదు కాబట్టి టికెట్ మీ డాక్టర్‌కు చూపించి ఏ టైమ్‌కి ఎంత అని కాగితం మీద రాయించుకోండి. ఇంకొకటి, భోజనం ట్రే మీ ముందుకు వచ్చాకే ఇన్సులిన్ వేసుకోవాలి, బండి కనిపించింది కదా అని ముందే వేసుకుంటే, విమానం ఊగుతోందని వడ్డన ఆపేస్తే, షుగర్ పడిపోతుంది. చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలుపుకుని తాగి, పావుగంటకి మళ్లీ చెక్ చేసుకోండి. బీపీ మాత్ర రోజుకు ఒకటే అయితే కొన్ని గంటలు అటూ ఇటూ అయినా పర్వాలేదు.

దుబాయ్ నుంచి డల్లాస్‌కు దాదాపు 16 గంటలు. నడవ పక్క సీటు తీసుకుని గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించండి. రక్తం పలచబడుతుందని సొంతంగా ఆస్పిరిన్ వేసుకోకండి. దిగిన తర్వాత కొన్ని వారాల దాకా కూడా ఒక్క కాలే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా 911కి ఫోన్ చేయించాలి. ఎయిర్‌పోర్టులో వీల్‌చెయిర్ అడగడానికి మొహమాటపడొద్దు, టికెట్ బుక్ చేసేటప్పుడే చెప్పించండి, దారి చూపించేవాళ్లు కూడా దొరికినట్టవుతుంది.

దుబాయ్ మీదుగా కాబట్టి గసగసాలు అస్సలు పెట్టుకోకండి, అక్కడ నిషేధం. కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, ట్రమడాల్, నిద్రమాత్రల విషయంలో కూడా అక్కడ చాలా కఠినంగా ఉంటారు, ఎవరో పంపమన్నారని వాళ్ల మందులు మీ బ్యాగులో వేసుకోవద్దు.

టీకాల గురించి మీరు అడగలేదు కానీ, పసిబిడ్డ దగ్గరకి వెళ్తున్నారు కాబట్టి అవసరం. కోరింత దగ్గు పెద్దవాళ్లలో మామూలు దగ్గులా ఉంటుంది, నెలల పిల్లలకు మాత్రం ప్రాణాంతకం కావచ్చు, అక్కడ బిడ్డకు దాని మొదటి టీకా రెండో నెలలో కానీ వేయరు. కోరింత దగ్గు రాకుండా వేసే టీడాప్ టీకా, ఫ్లూ టీకా బిడ్డను ఎత్తుకోవడానికి కనీసం రెండు వారాల ముందే వేయించుకోండి.

పన్ను ఏదైనా సలుపుతుంటే ఇక్కడే చూపించుకోండి, అక్కడ ఖర్చు చాలా ఎక్కువ. విజిటర్ ఇన్సూరెన్స్‌లో పాత జబ్బులకు సాధారణంగా కవరేజీ ఉండదు, అవి ఉన్నట్టుండి ముదిరితే ఎంతవరకు ఇస్తారో అమ్మాయిని పాలసీ చదివి చూడమనండి. ఇక మందులు మామూలుగా 90 రోజులకు సరిపడా తీసుకెళ్లొచ్చు. మిగతావి కొరియర్‌లో వస్తాయిలే అనుకోకండి, కస్టమ్స్‌లో ఆగిపోవచ్చు. అక్కడి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఒక్కోసారి వారాల తరబడి దొరకదు, డెలివరీ అయ్యాక అమ్మాయికి తీరిక ఉండదు కాబట్టి నవంబరుకు ఒక అపాయింట్‌మెంట్ ఇప్పుడే తీసుకోమని చెప్పండి.