స్పెర్మ్ కౌంట్ 9 మిలియన్లే వచ్చింది, పెరుగుతుందా? నా అనుభవం

బ్రదర్, పెళ్లయి రెండున్నరేళ్లయిందని, మీ ఆవిడ రిపోర్టులన్నీ నార్మల్‌గా ఉన్నాయని, మీ స్పెర్మ్ కౌంట్ (వీర్యకణాల సంఖ్య) మాత్రం మిల్లీలీటరుకి 9 మిలియన్లే వచ్చిందని రాశారు. ఆన్‌లైన్‌లో దొరికే పౌడర్ వాడితే పెరుగుతుందా, ఊళ్లో అమ్మకి ఏం చెప్పాలి అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. ప్రొద్దుటూరు నుంచి వచ్చి బెంగళూరు బెళ్లందూరులో ఉద్యోగం చేసుకుంటున్నా. ఇవన్నీ పడ్డవాణ్ణి కాబట్టి రాస్తున్నా.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. ఏడాదిన్నర పాటు టెస్టులన్నీ మా ఆవిడ ఒక్కతే చేయించుకుంది. నెలనెలా అండం ఎదుగుదల చూసే ఫోలిక్యులర్ స్కాన్లు, ఆ తర్వాత గర్భాశయం ట్యూబుల టెస్టు. ఆ టెస్టు చేసిన రోజు ఆటోలో ఇంటికొచ్చేదాకా నొప్పికి నా చెయ్యి గట్టిగా పట్టుకునే కూర్చుంది. అప్పటికి నేను ఒక్క టెస్టు కూడా చేయించుకోలేదు. నన్నెవరూ అడగలేదు, నేనూ ముందుకు రాలేదు. పిల్లలు కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవాడి వైపు నుంచి కూడా ఏదో ఒక కారణం ఉంటుందని తర్వాత తెలిసింది. మన టెస్టు తేలిక, ఖర్చూ తక్కువ. మొదటి నెలలోనే చేయించుకోవాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇక మీ 9 మిలియన్ల సంగతి. ఒక్క రిపోర్టు చూసి దిగులు పడకండి. నా మొదటి రిపోర్టులో కౌంట్ 7 మిలియన్లు, కదలిక (కదిలే కణాలు) 18 శాతం. అక్కడి డాక్టరు వెంటనే ఐవీఎఫ్‌కి (ల్యాబ్‌లో పిండం తయారుచేసే పద్ధతికి) వెళ్దామన్నారు. ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తే ఆయన రెండే ప్రశ్నలు వేశారు. ఈ మూడు నెలల్లో గట్టిగా జ్వరం వచ్చిందా? వచ్చింది, నెలన్నర కిందట డెంగీ. శాంపిల్ ఎక్కడ తీశారు? ఇంట్లో తీసి, రింగ్ రోడ్ ట్రాఫిక్‌లో గంటంపావు పట్టుకుని కూర్చుని ల్యాబ్‌లో ఇచ్చాను. శాంపిల్ అరగంటలో, ఎంత ఆలస్యమైనా గంటలోపు పరీక్షకు వెళ్లాలట. లేటయితే కదలిక తగ్గిపోతుంది. ల్యాబ్‌లోనే గది ఉంటుంది, అక్కడే ఇవ్వండి. అంతకుముందు 2 నుంచి 7 రోజులు కలవకుండా ఉండాలి.

జ్వరం సంగతి ఎందుకు అడిగారంటే, గట్టి జ్వరం వీర్యకణాల తయారీని దెబ్బతీస్తుంది. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, బయటికి రావడానికి మరికొన్ని రోజులు పడుతుంది. ఈ రోజు రిపోర్టులో కనిపించేది దాదాపు గత మూడు నెలల్లోని మీ ఆరోగ్యం. సిగరెట్ మానేసినా, బరువు తగ్గినా, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకోవడం ఆపినా, ఫలితం మూడు నెలల తర్వాతే తెలుస్తుంది. వారానికోసారి టెస్టు చేయించుకుని టెన్షన్ పడితే లాభం లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కనీస అంకెలు మిల్లీలీటరుకి 16 మిలియన్లు, మొత్తం కదలిక 42 శాతం. ఏడాదిలోపు భార్య గర్భం దాల్చిన మగవాళ్లనే పరీక్షించి, వాళ్లలో అట్టడుగు 5 శాతం ఎక్కడ ఆగారో చూసి పెట్టిన అంకెలవి. అంటే అంతకన్నా తక్కువ ఉండి కూడా తండ్రులైనవాళ్లు ఆ లెక్కలోనే ఉన్నారు.

మూడు నెలలకి నా కౌంట్ 13 మిలియన్లకి వచ్చి ఆగింది. అప్పుడు యూరాలజిస్టు నిలబెట్టి చేత్తో పరీక్ష చేశారు. ఎడమవైపు వేరికోసిల్, అంటే వృషణం దగ్గర సిరలు ఉబ్బి ఉన్నాయి. వృషణాలు ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలి, ఈ సిరల వల్ల అక్కడ వేడి పెరుగుతుంది. పిల్లలు కలగని మగవాళ్లలో మూడింట ఒక వంతు పైనే దీనితో ఉంటారు. నాకు నొప్పి లేదు, ఏమీ లేదు, అందుకే తెలియలేదు. ఆపరేషన్ అయిన ఆరు నెలలకి 24 మిలియన్లు. అందరికీ ఇలా పెరుగుతుందని అనను. చేతికి తగలకుండా స్కాన్‌లో మాత్రమే కనిపించే వేరికోసిల్‌కి ఆపరేషన్ అక్కర్లేదని కూడా ఆయనే చెప్పారు. ఈ చేతి పరీక్ష మీకింకా చేయకపోతే అడిగి చేయించుకోండి.

పౌడర్ వద్దు. అమెరికాలో 2,370 జంటలతో జింక్, ఫోలిక్ యాసిడ్ పరీక్షించి 2020లో ఫలితం చెప్పారు. వీర్యం మెరుగుపడలేదు, పుట్టిన పిల్లల సంఖ్యా పెరగలేదు. అలాంటి పౌడర్లు కొన్నిటిలో ఇవే ఉంటాయి. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ తీసుకోమంటే అసలు ఒప్పుకోకండి. బయటినుంచి హార్మోన్ వస్తే మెదడు వృషణాలకి పంపే సంకేతం ఆగిపోతుంది, కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు. ఇప్పటికే తీసుకుంటుంటే డాక్టరుకి దాచకండి.

మీ ఆవిడకి 35 దాటితే మాత్రం ఈ మూడు నెలలు ఊరికే ఆగకండి, ఇద్దరూ కలిసి డాక్టర్ని చూడండి.

అమ్మకి నేనే ఫోన్ చేశాను. "అమ్మా, లోపం నాలో ఉంది, వైద్యం చేయించుకుంటున్నా, కోడల్ని ఇక ఏమీ అడగొద్దు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "దాన్ని ఎన్ని మాటలన్నానో రా" అని ఏడ్చింది. ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చి, మా ఆవిడతో పది రోజులు ఉండి వెళ్లింది.