డేవిస్‌ డోమ్స్‌లో చోటు కోసం దరఖాస్తు రాస్తున్న శ్రావ్యకు

చిరంజీవి శ్రావ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన దరఖాస్తు చిత్తుప్రతి రెండుసార్లు చదివాను. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌ క్యాంపస్‌లో ఎం.ఎస్. సీటు వచ్చిందని విన్నప్పుడే సంతోషించాను. అందరిలా అపార్టుమెంటు కోసం వెతక్కుండా క్యాంపస్‌లోని డోమ్స్‌లో ఉండాలని నీ అంతట నువ్వు నిర్ణయించుకున్నావని తెలిసి మరింత సంతోషం కలిగింది. చదువుకునే రోజుల్లో నేను ఆ ఊళ్లోనే ఒక సహకార గృహంలో, అంటే ఉండేవాళ్లే పనీ ఖర్చూ పంచుకుని నడుపుకునే ఇంట్లో, ఉన్నాను. అక్కడ కొత్తవాళ్ల దరఖాస్తులు చదివి ఎవరిని తీసుకోవాలో తేల్చే సమావేశాల్లో కూర్చున్నదాన్ని కూడా. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఆ చోటు సంగతి తెలుసుకో. 1972లో విద్యార్థులు కూడా చేయి వేసి కట్టుకున్న 14 గుండ్రటి ఇళ్లవి. పైన ఫైబర్‌గ్లాసు పెంకు, దానికి లోపల వేడినీ చలినీ ఆపే ఫోమ్ పొర ఉంటాయి. ఒక్కో ఇంట్లో ఇద్దరు ఉంటారు. 2011లో విశ్వవిద్యాలయం ఆ ఇళ్లు భద్రంగా లేవని మూసేయాలని నిర్ణయించినప్పుడు, అందులో ఉంటున్నవాళ్లూ, ఒకప్పుడు ఉండి వెళ్లినవాళ్లూ, ఊరివాళ్లూ ఏకమై పోరాడారు. లాభాపేక్ష లేని ఒక సహకార గృహ సంస్థ ముందుకొచ్చి వాటిని నడిపే బాధ్యత తీసుకుంది. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల శ్రమతోనే మరమ్మతులు చాలావరకు జరిగాయి. ఈ చరిత్రను నీ దరఖాస్తులో అప్పజెప్పాల్సిన పని లేదు, చదివేవాళ్లకు అది నీకన్నా బాగా తెలుసు. అయితే ఇలా చేతులతో కాపాడుకున్న ఇంట్లోకి కొత్త మనిషిని పిలిచేటప్పుడు వాళ్ల మనసులో ఉండే ప్రశ్న ఏమిటో అర్థం చేసుకోవడానికి నీకిది పనికొస్తుంది. ఈ అమ్మాయి వస్తే ఇల్లు నిలబెట్టే పనిలో మనతో కలుస్తుందా, లేక ఆ పని మనకే వదిలేస్తుందా అన్నదే వాళ్లు చూస్తారు.

అదే క్యాంపస్‌లో వెస్ట్ విలేజ్ అని మరొకటుంది. ఏడాదిలో వాడేంత విద్యుత్తును తానే తయారుచేసుకోవాలన్న లక్ష్యంతో 2011లో మొదలైన పెద్ద నివాస ప్రాంతమది. అక్కడ సౌరఫలకాలూ, గోడలూ, కిటికీలూ తమ పని తాము చేస్తాయి. నువ్వు లీజు మీద సంతకం పెట్టి, అద్దె కట్టి, నీ చదువు నువ్వు చదువుకోవచ్చు. అది కూడా మంచి చోటే, అక్కడ ఉండటం తక్కువేమీ కాదు. కానీ డోమ్స్‌లో వనరుల పొదుపు చాలావరకు మనుషుల రోజువారీ పనిలో ఉంటుంది. తోటకు నీళ్లు పెట్టడం, కంపోస్టు తిరగెయ్యడం, కలిసి వండుకోవడం, సామాను పంచుకోవడం అందులోవే. ఈ తేడా తెలిసే ఆ చోటు కోరుకుంటున్నావని నీ దరఖాస్తు చదివినవాళ్లకు తెలియాలి.

ఇక నీ చిత్తుప్రతి సంగతికి వస్తాను. "ప్రకృతి అంటే నాకు చిన్నప్పటి నుంచీ ప్రాణం, భూమిని కాపాడుకోవడం మనందరి బాధ్యత" అని మొదలుపెట్టావు. నువ్వు మనస్ఫూర్తిగానే రాశావని నాకు తెలుసు, కానీ నేను చదివిన దరఖాస్తుల్లో ఎక్కువభాగం ఈ మాటతోనే మొదలయ్యేవి. వాటిని బట్టి మేము ఎవరి గురించీ ఏమీ తేల్చుకోలేకపోయేవాళ్లం. ఆ వాక్యాలు తీసెయ్. బాపట్ల వ్యవసాయ కళాశాల హాస్టల్లో మెస్ కమిటీలో ఉన్నానని నువ్వు చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు ఒక్క ముక్కలో రాసి వదిలేశావే, దరఖాస్తు అక్కడి నుంచి మొదలుపెట్టు.

నీకు అది మామూలు విషయంలా అనిపించవచ్చు. మన హాస్టళ్లలో డివైడింగ్ మెస్ అంటే ఏమిటో అమెరికాలో ఎవరికీ తెలియదు గనుక విడమరిచి చెప్పు. నెలకైన ఖర్చును విద్యార్థులే లెక్కగట్టి, ఎవరు ఎన్ని రోజులు తిన్నారో దాన్ని బట్టి పంచుకుంటారని, ఆ లెక్క నువ్వు చూశావని, కూరగాయలకు వంతులవారీగా మార్కెట్టుకు వెళ్లేవారని రాయి. బిల్లు పెరిగిన నెలలో అందరూ గొడవకు దిగితే, రాత్రి భోజనాల్లో ఎంత అన్నం పారబోస్తున్నారో వారం పాటు తూచి, ఆ లెక్క కాగితం మీద రాసి భోజనశాల గోడకు అంటించావని నువ్వే కదా నాకు చెప్పావు. ఆ తరువాత బియ్యం కొలత తగ్గించారని కూడా అన్నావు. ఆ ఒక్క సంగతి ఉన్నదున్నట్టుగా పది వాక్యాల్లో రాస్తే చాలు, నువ్వు ఎలాంటి మనిషివో వాళ్లకు తెలుస్తుంది. పెద్ద మాటలేవీ చేర్చకు.

పని వంతుల గురించి అడిగే ప్రశ్నకు "ఏ పనైనా చేస్తాను" అని రాశావు. అది వినయమే, కానీ చదివేవాళ్లకు అందులో ఏమీ దొరకదు. ఏ పని బాగా వచ్చో, ఏది నేర్చుకోవాలో, వారానికి ఎంత సమయం ఇవ్వగలవో స్పష్టంగా రాయి. 1933 నుంచి నడుస్తున్న బర్క్‌లీ విద్యార్థుల సహకార గృహాల్లో వారానికి సుమారు ఐదు గంటల పని వంతు ఆనవాయితీ, కాబట్టి నువ్వు కూడా ఆ మాత్రం సమయం లెక్కలో ఉంచుకో. అక్కడ సెమిస్టర్లకు బదులు ఉండే క్వార్టర్ పద్ధతిలో పది వారాల్లోనే పాఠాలు అయిపోయి పరీక్షలు మీద పడతాయి. ఆ వారాల్లో నీ వంతు ఎవరితో మార్చుకుంటావో, ముందుగా ఎలా చెబుతావో రాస్తే, చెప్పిన పని తప్పని మనిషివని నమ్మకం కలుగుతుంది. సాగు విషయంలో నీకు తెలిసినది చాలా ఉంది గానీ, అక్కడి కాలాలు వేరని గుర్తుంచుకో. డేవిస్‌లో వానలు చలికాలంలో పడతాయి, వేసవి పూర్తిగా పొడిగా ఉంటుంది, మధ్యాహ్నాలు 38 డిగ్రీలు దాటడం మామూలే. బెండ, వంగ వేసవిలో చక్కగా కాస్తాయి, కానీ ప్రతి చుక్కా మనం పెట్టిన నీరే. బిందు సేద్యం గొట్టాలు అమర్చడం నీకు వచ్చు కాబట్టి ఆ మాట తప్పకుండా రాయి.

దరఖాస్తు నచ్చితే భోజనానికి పిలుస్తారు, దూరాన ఉన్నవాళ్లతో వీడియోలో మాట్లాడతారు. వేసవిలో అక్కడ సాయంత్రం ఆరయితే మనకు మర్నాడు ఉదయం ఆరున్నర. అలారం పెట్టుకుని, ముఖం కడుక్కుని, తీరిగ్గా కూర్చో. ఇక్కడ మన పిల్లలకు అడ్డొచ్చేది మొహమాటం. ఇలాంటి ఇళ్లలో చాలా నిర్ణయాలు ఓట్లతో కాక ఏకాభిప్రాయంతో జరుగుతాయి. ఒక ప్రతిపాదన నచ్చకపోయినా అడ్డుపడనని పక్కకు తప్పుకోవచ్చు, ఇంటికే హాని అనుకుంటే ఒక్కరే ఆపవచ్చు కూడా. అటువంటి చోట అన్నిటికీ తల ఊపేవాళ్ల వల్ల ఇబ్బందే ఎక్కువ, ఎందుకంటే సమావేశంలో చెప్పని అసంతృప్తి నెల తరువాత సింకులో కడగని గిన్నెల దగ్గర బయటపడుతుంది. కాబట్టి వాళ్లు "గొడవ వస్తే ఏం చేస్తావు" అని అడిగితే గొడవలు పడనని చెప్పకు. మెస్‌లో వచ్చిన గొడవ ఒకటి చెప్పి, ఎవరితో ఏం మాట్లాడావో చెప్పు.

నువ్వూ అడగాలి. మాంసం వండే గిన్నెలు వేరుగా ఉంటాయా, కలిసి తినే భోజనాలు వారానికి ఎన్ని, ఇంట్లో నీతో ఉండేదెవరు, ఏసీ లేకపోతే వేసవి ఎలా గడుపుతారు, ఇవన్నీ అడుగు. రాత్రి అక్కడి శాక్రమెంటో నది డెల్టా మీదుగా వచ్చే చల్లగాలికి కిటికీలు తెరిచి, పొద్దెక్కక ముందే మూసి తెరలు వెయ్యడం అక్కడి పద్ధతి, మన ఊళ్లో ఎండాకాలం అమ్మమ్మ చేసేదే. పోపు పెట్టేటప్పుడు గాలి బయటికి పోయే దారి ఉందేమో కూడా కనుక్కో, లేకపోతే పొగ అలారం మోగి ఇల్లంతా లేస్తుంది. గోడలు వంపు తిరిగి ఉంటాయి గనుక బీరువా గోడకు ఆనించి పెట్టడం కుదరదు. సామాను తక్కువ తెచ్చుకో.

డబ్బు విషయం తేలిగ్గా తీసుకోకు. క్రెడిట్ చరిత్ర (అప్పులు సరిగా తీర్చిన రికార్డు), అక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు లేకుండా వచ్చే విదేశీ విద్యార్థుల నుంచి ఏ కాగితాలు తీసుకుంటారో ముందే రాసి అడుగు. కాలిఫోర్నియాలో 2024 జూలై నుంచి మామూలుగా ఒక నెల అద్దెకు మించి డిపాజిట్ అడగకూడదు, చిన్న యజమానులకు కొంత మినహాయింపు ఉంది. ఖాళీ చేశాక 21 రోజుల్లోగా మిగిలిన డిపాజిట్టూ, కోతలుంటే వాటి లెక్కా పంపాలి. లీజు చేతికి రాకుండా ఎవరికీ ఒక్క డాలరు కూడా పంపవద్దు.

చోట్లు కొన్నే కాబట్టి, అదే క్యాంపస్‌లోని ట్రై కోఆప్స్ ఇళ్లకూ, ఊళ్లోని మిగతా సహకార గృహాలకూ కూడా ఇప్పుడే రాయి. ఈ ఏడు ఖాళీలు ఎన్ని, గడువు ఎప్పుడన్నది నేరుగా వాళ్లనే అడుగు. దేనికి దానికి దరఖాస్తు విడిగా రాయి, ఒకటే కాగితం అందరికీ పంపితే చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. తరగతులు సెప్టెంబరు చివర్లో మొదలవుతాయి, ఆగస్టు మొదటికి కూడా ఎక్కడా ఖాయం కాకపోతే వెస్ట్ విలేజ్‌లో గది తీసుకుని, డోమ్స్ వెయిటింగ్ జాబితాలో పేరు అలాగే ఉంచు. ఊళ్లో ఉంటే వాళ్ల తోట పనుల రోజుల్లో వెళ్లి పనిచేయవచ్చు, మరుసటి ఏడాది నీ దరఖాస్తు చదివేవాళ్లకు నువ్వు అప్పటికే తెలిసిన మనిషివవుతావు.

ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసి ఉండే చోటని మీ నాన్నగారు కంగారు పడుతున్నట్టు మీ అమ్మ చెప్పింది. ఆదివారం నేనే ఫోను చేసి ఆయనతో మాట్లాడతాను. నువ్వు ఈలోగా మెస్ సంగతితో మొదలయ్యే కొత్త చిత్తుప్రతి రాసి పంపు.

ఇట్లు,
పెద్దమ్మ